ఎండబెట్టే రోజులు

"ఆగండక్కడ! కాలు కింద పెట్టకండి!"

కాలు అప్పటికే గాలిలో ఉంది. పెట్టవద్దన్నారు కనుక పెట్టకుండా, ఆ యువకుడు రొయ్యల హేచరీ గేటు దగ్గర కొంగలా ఒంటికాలి మీద నిలబడిపోయాడు. చేతిలో హెల్మెట్, ముఖంలో అయోమయం.

గేటు దాటగానే నేలలో ఒక వెడల్పాటి తొట్టి ఉంది. దాని నిండా ఊదారంగు మందునీళ్లు. లోపలికి వచ్చేవారెవరైనా అందులో అడుగు ముంచే రావాలి. అతను దాన్ని లంఘించి దాటబోయాడు.

"కొత్త బూట్లండీ," అన్నాడు.

"బూట్లకి కొత్తా పాతా ఉంటుంది. వైరస్‌కి ఉండదు. దిగండి."

అతను దిగాడు. మోకాలి కింది ప్యాంటు ఊదారంగు తిరిగింది.

"ఏ చెరువు నుంచి వస్తున్నారు?" అని గేటు లోపల నిలబడ్డ ఆ అమ్మాయి అడిగింది.

"మా చెరువు నుంచే."

"అంటే గట్టు మీంచి తిన్నగా ఇక్కడికే?"

"లేదండీ, మధ్యలో టీ తాగాను."

"టీ వైరస్‌ని చంపదు."

ఆ హేచరీ ఆమె బాబాయిది. తల్లి రొయ్యలు అక్కడ గుడ్లు పెడతాయి. కనురెప్ప వెంట్రుకంత ఉండే పిల్లలు అక్కడే పెరిగి, సీడ్ అన్న పేరుతో చెరువులకు వెళతాయి. పిల్లలు పెరిగే హాలు ఆమె ఏలుబడి. లోపల లక్షల ప్రాణాలు, బయట నుంచి ఒక్క చుక్క చెడ్డనీరు చాలు. వైరస్‌కు కాళ్లు లేవు, అది మనుషుల కాళ్లు అరువు తెచ్చుకుంటుంది అన్నది ఆమె సిద్ధాంతం. సిద్ధాంతం ఎవరినీ చూసి సడలేది కాదు. చెరువుల మీంచి వచ్చాడని ఒకసారి బాబాయినే గేటు బయట నుంచి వెనక్కి పంపింది.

సీడ్ కొనేవాళ్లు హాలు బయట, అద్దాల కిటికీ దగ్గర నిలబడి చూడాలి. ఆమె లోపల నుంచి తెల్లని బేసిన్‌లో పిల్లల్ని పోసి, చేత్తో నీటిని గిరగిరా తిప్పింది. "చూడండి. బలమున్నవి ప్రవాహానికి ఎదురీదుతాయి. లేనివి మధ్యలో కుప్పపడతాయి."

అతను బేసిన్ వంక ఒకసారి, ఆమె వంక మూడుసార్లు చూశాడు.

"మధ్యలో ఎన్ని ఉన్నాయి?" అంది ఆమె.

"ఒకటుందండీ. ఈ కిటికీ ఇవతల."

ఆమె నవ్వలేదు. కాని బేసిన్ కడగడానికి అటు తిరిగాక, కడగవలసిన దానికన్నా కొంచెం ఎక్కువసేపు కడిగింది.

"మీ చెరువులో ఉప్పెంత?"

"బాగానే ఉంటుందండీ. నోట్లో వేసుకుంటే తెలుస్తుంది."

"నాలుకతో కొలుస్తారా? మా నీళ్లకీ మీ నీళ్లకీ ఉప్పు తేడా ఉంటే పిల్లలు సంచీ విప్పగానే సొమ్మసిల్లుతాయి. మీటరుతో కొలిచి ఫోన్ చెయ్యండి. మీ నీటికి తగ్గట్టు ఇక్కడే అలవాటు చేసి పంపుతాను."

"నంబర్ చెప్పండి, క్లోరిన్ గారూ."

"ఏమన్నారు?"

"హాలంతా అదే వాసనండీ. పేరు తెలీదు కదా."

"మీ వాసన నేను చెప్పనా, బురద గారూ?"

పేర్లు తరువాత తెలిశాయి. పిలుపులు మాత్రం అవే నిలిచాయి.

*

మొదటి ఫోను ఉప్పు గురించి. రెండోది చెరువులో దింపిన పిల్లలు గట్టు అంచున బారులు తీరాయని. ఆ తరువాత ప్రతి ఫోనూ నీటి గురించే. ప్రేమికుల సంభాషణలో చంద్రుడు తప్పనిసరి అని ఎవరూ శాసనం చేయలేదు. అమ్మోనియా ఉన్నా పని జరుగుతుంది.

"పొద్దున ఆక్సిజన్ తగ్గింది. రొయ్యలు పైకి తేలుతున్నాయి," అనేవాడు.

"ఏరేటర్లు తిప్పారా?"

"తిప్పాను."

"మేత ఆపారా?"

"ఆపాను."

"మరి నాకెందుకు ఫోన్?"

"రొయ్యలకి ఊపిరాడుతోందండీ. నాకు ఆడట్లేదు."

"మీకు ఏరేటర్ పెట్టమని మీ నాన్నగారికి చెప్పండి," అని ఆమె ఫోన్ పెట్టేసేది. పెట్టేసి, గాజు జాడీలో పిల్లల్ని లెక్కపెడుతూ లెక్క తప్పేది.

ఒక సాయంకాలం పెద్ద వాన. హేచరీ రేకుల మీద మాటలు వినపడనంత చప్పుడు. అతను ఫోన్ చేశాడు. "వాన పడితే మీరే గుర్తొస్తున్నారు."

"వాన పడితే సున్నం గుర్తు రావాలి. పైన మంచినీళ్లు తేలి, నీరు పులుపెక్కుతుంది. పైపొర తూము పలక మీంచి బయటికి వదిలి, గట్ల చుట్టూ సున్నం చల్లండి."

"చల్లాను. తడిసి తెల్లగా అయిపోయాను. మీరు చూస్తే జడుసుకుంటారు."

"ఎలా చూస్తాను?" అంది ఆమె. పరిహాసంగా అనబోయిన మాట. నోట్లోంచి వచ్చేసరికి పరిహాసం ఎక్కడో జారిపోయింది.

అదే చిక్కు. హాలులో పిల్లలున్నంత కాలం ఆమె గేటు దాటరాదు. గది కూడా ఆవరణలోనే. చెరువులో రొయ్యలున్నంత కాలం అతను గేటు లోపలికి రారాదు. ప్రేమికుల మధ్య గోడలు కట్టేది సాధారణంగా పెద్దవాళ్లు. ఇక్కడ ఆ శ్రమ సూక్ష్మదర్శినికి కూడా అందని ఒక జీవి తీసుకుంది, అది సగమే జీవి. దాని మీద అలగడానికీ వీల్లేదు, కాళ్లు పట్టుకోవడానికీ వీల్లేదు.

ఉన్న దారి ఒక్కటే. హాలు ఖాళీ చేసి, గొట్టాలన్నీ విప్పి, కడిగి, కొన్నాళ్లు ఎండబెట్టాలి. ఆ ఎండబెట్టే రోజుల్లో ఆమెకు ఎక్కడికైనా వెళ్లే స్వేచ్ఛ. నిజానికి హాలు ఆరోగ్యానికీ అది అవసరం. తడి ఆరని గొట్టాల్లో క్రిములు కాపురం పెడతాయి. కాని ఆ ఏడు సీడ్‌కి గిరాకీ ఎక్కువ. ఒక విడత పిల్లలు వెళ్లగానే బాబాయి మరో విడతకు తల్లి రొయ్యల్ని దింపేస్తున్నాడు.

"బాబాయ్, ఈసారైనా ఎండబెడదాం."

"వచ్చేసారి తల్లీ."

"పోయినసారీ అదే అన్నావు."

"పోయినసారి వచ్చేసారి వేరు, ఈసారి వచ్చేసారి వేరు."

ఆమె అడిగింది గొట్టాల కోసమో, తన కోసమో ఆమెకే స్పష్టంగా తెలియదు. తెలియని విషయాన్ని తెలిసినట్టు ఒప్పుకోవడం ఆమె స్వభావం కాదు కనుక ఆ ప్రశ్నను అలాగే ఉంచేసింది. సాయంకాలం పని ముగిశాక మాత్రం, అతని ఫోన్‌లో మాటలు ఆగిన చోట వెనకాల వినిపించే, నీటిని చిలికే ఏరేటర్ల గలగలను వింటూ కూర్చునేది. తాను ఎన్నడూ చూడని గట్టు, తాను పంపిన పిల్లలతో నిండిన చెరువు. ఆ చప్పుడులోనే అతను ఎటువైపు నిలబడ్డాడో ఊహించుకునేది.

*

అతని చెరువులో పిల్లలు చేతివేలంత అయిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం అతను గేటు దగ్గరికి వచ్చాడు.

ఆమె హాలు బయట సీడ్ సంచులకు ఆక్సిజన్ పట్టిస్తూ తలెత్తి చూసింది. శుభ్రంగా స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, ఎవరూ చెప్పకుండానే తొట్టిలో రెండు కాళ్లూ ముంచి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, బయటివాళ్లు దాటకూడదని నేల మీద గీసిన గీత దగ్గర బుద్ధిగా నిలబడ్డాడు. అద్దం అడ్డు లేకుండా ఆమె అతణ్ణి చూడటం చాలాకాలం తరువాత అదే.

"ఎందుకొచ్చారు?" అంది. గొంతులో కోపం ఉండాలనుకుంది. అది ఆ సమయానికి దొరకలేదు.

"ఒకటి చూపిద్దామని. కళ్లు మూసుకోండి."

"నేను మూసుకోను."

"పోనీ తెరిచే ఉంచండి." వెనక దాచిన స్టీలు క్యాను ముందుకు చాపాడు. "మీరు పంపినవే. ఎంతయ్యాయో చూడండి."

ఆమె చేతులు ఆమె కన్నా ముందు కదిలాయి. క్యాను అందుకుంటున్నప్పుడు అతని వేళ్లు ఆమె వేళ్ల కింద ఉన్నాయి. ఇద్దరూ వెంటనే తీయలేదు. లోపల నిగనిగలాడుతూ ఆరు రొయ్యలు; పొడవాటి మీసాలు, గాజులాంటి ఒళ్లు. కనురెప్ప వెంట్రుకలంత ఉన్నవాటిని పంపింది తను.

"అందంగా ఉన్నాయి," అంది.

క్యాను పట్టుకునే హాలు వైపు నడిచింది. తలుపు పిడి మీద చేయి వేసింది. అప్పుడొక రొయ్య ఎగిరిపడి, చల్లటి నీళ్లు ఆమె మణికట్టు మీద చింది, పిడి మీద పడ్డాయి.

ఆమె ఆ చుక్కల వంక చూసింది. చెరువు నీళ్లు. తన చేతి మీద. తలుపు తెరుచుకోవడానికి ఒక్క తోపుడు దూరంలో.

"ఏం తెచ్చారు మీరు?" అంటూ వెనక్కి తిరిగింది. "చెరువు రొయ్యని హేచరీ లోపలికి తెస్తారా ఎవరైనా?"

అతని ముఖం పాలిపోయింది. "కాళ్లు ముంచాను కదండీ... చేతులు కడిగాను..."

"రొయ్యని కడిగారా?"

"మీకు చూపిద్దామని మాత్రమే..."

"ఇన్ని నెలలుగా ఫోన్లో నేను చెప్పిందేమిటి? మీరు విన్నదేమిటి?"

అతను తల వంచుకున్నాడు. మెల్లగా, నింద లేకుండా అన్నాడు. "నేను గీత దాటలేదండీ. అందుకున్నది మీరు."

అది నిజం. ఆమెకు నిజంతో వాదించే అలవాటు లేదు. "వెళ్లండి," అంది.

*

బాబాయితో అద్దం ఇవతల నుంచే చెప్పింది. "చెరువు నీళ్లు ముట్టుకున్నాను. ఈ విడత నేను లోపలికి రాను. ఈ తలుపు పిడి బ్లీచింగుతో కడిగించు. హాలు నువ్వు చూసుకో."

బాబాయి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వా? నన్ను గేటు బయట నిలబెట్టిన నువ్వా?"

"నేనే."

"ఎవరి చెరువు?"

చెప్పనక్కరలేకపోయింది. బాబాయి, "ఊఁ. రోజూ ఆ ఫోన్లు అమ్మోనియా కోసమేననుకున్నాను," అని లోపలికి వెళ్లిపోయాడు.

గేటు పక్కన పరీక్షల గది ఉంది. ఆమె ఆ రొయ్యల్ని తానే పరీక్షకు పెట్టింది. పైకి వాటికి ఏ జబ్బూ లేదు. యంత్రం తిరుగుతున్నంతసేపూ ఆమె తలుపు దగ్గర నిలబడి, లేదని రావాలి, లేదని రావాలి అనుకుంది. కోరుకుంటే ఫలితం మారదని ఆమెకు తెలుసు. తెలిసినవాళ్లు కోరుకోరని ఎవరూ అనలేదు.

యంత్రానికి ఆమె కోరికతో పని లేదు. తెల్లమచ్చల వైరస్ ఉంది. మచ్చలింకా పైకి రాలేదు, అంతే.

ఫోన్ మొదటి గంటకే ఎత్తాడు. "క్షమించండి, నేను..."

"అది తరువాత. విను. నీ చెరువులో తెల్లమచ్చ ఉంది."

"బాగా తింటున్నాయండీ. పొద్దున మేత ట్రేలో మెతుకు మిగల్లేదు."

"తింటూనే ఉంటాయి. తరువాత ఒక్కసారిగా గట్టుకొచ్చి చస్తాయి. ఇప్పుడే తెలియడం అదృష్టం అనను. తెలిసింది, అంతే. చచ్చేలోగా వలవాళ్లని పిలిపించి పట్టించు, మంచులో పెట్టి పంపించు. నీళ్లు మాత్రం చుక్క కూడా బయటికి పోకూడదు. బ్లీచింగ్ వేసి చెరువులోనే ఉంచాలి. వాడిన ప్రతి వస్తువూ బ్లీచింగ్ నీళ్లలో ముంచాలి. తూము తెరవకు."

"వలలో సగం కూడా పడవు. నీళ్లు తీస్తేనే మొత్తం వస్తాయి. నాన్న..." అతని గొంతు తగ్గింది. "నాన్న విన్నారు. తూము వైపు వెళుతున్నారు."

ఫోన్ ఆగిపోయింది.

తూము తెరిస్తే ఆ నీళ్లు కాలువలో పడి, దిగువన ఉన్న చెరువులన్నింటినీ తాకి, కాలువ సముద్రంలో కలిసే చోటికి వస్తాయి. హేచరీ మోటారు నీళ్లు తోడేది ఆ పక్కనే. ఆమె బాబాయికి చెప్పి మోటారు ఆపించింది. దిగువ చెరువులవాళ్లకు తూములు మూసుకోమని ఫోన్లు చేయించింది. చేయగలిగింది అంతవరకే. మిగిలింది ఒక్క మనిషి చేతిలో ఉంది. ఈ నెలలన్నీ తను మాట్లాడింది ఎవరితో, ఏం తెలుసుకుని మాట్లాడింది, అన్నది ఆ తూము పలక పైకి లేస్తుందా లేదా అన్నదానితో తేలిపోతుంది. అది లేస్తే ఆ గొంతును మళ్లీ వినాలని తను కోరుకోకూడదు. కోరుకోకుండా ఉండగలదన్న నమ్మకమూ లేదు.

అతని ఫోన్ రాలేదు. చేస్తే పలకలేదు.

చీకటి పడింది, తెల్లవారింది. పలకలేదు.

"తెరిచే ఉంటాడు," అన్నాడు బాబాయి అద్దం అవతల నుంచి. "ముఖం చూపించలేక ఫోన్ ఆపేశాడు. లోకంలో జరిగేది అదే తల్లీ."

"కావచ్చు. చూడకుండా అనను."

"ఎలా చూస్తావు?"

"నేనిప్పుడు హాల్లోకి రాలేను కదా బాబాయ్. అంటే చెరువు గట్టుకి వెళ్లగలను."

ఆ మాట అన్నాక ఆమెకే తట్టింది. తప్పు చేసిన తరువాతే ఆ గేటు తెరుచుకుంది.

*

ఫోన్‌లో విన్న గలగల గట్టు మీద లేదు. ఏరేటర్లు ఆపేశారు. తడిసిన వలలు బ్లీచింగ్ తొట్టిలో నానుతున్నాయి. నీటి అంచున నురుగు తెల్లగా పేరుకుంది, వాసన ఆమెకు సుపరిచితం.

చెరువు చివర తూము. దాని పలక మీద గోనె పరచుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎవరమ్మాయ్?"

"హేచరీ నుంచండీ."

"ఓహో. క్లోరిన్ అంటే నువ్వేనా?" ఆమెను ఎగాదిగా చూశాడు. "వాడు చెప్పినదాన్ని బట్టి ఇంకా పొడుగ్గా ఉంటావనుకున్నాను."

"తూము తెరిచారా అంకుల్?"

"తెరుద్దామనే వచ్చాను. పలక మీద చెయ్యి కూడా వేశాను. వీడు వచ్చి అడ్డం నిలబడ్డాడు. 'నాన్నా, పోయినేడు ఎగువవాడు మనకి చేసింది ఇదే కదా' అన్నాడు." పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఏడాదిగా ఆ ఎగువవాణ్ణి తిట్టని రోజు లేదమ్మా నేను. ఆ తిట్లన్నీ నాకే తగులుతాయని భయమేసింది."

"మరి ఇక్కడ కూర్చున్నారేం?"

"కాపలా."

"ఎవరొస్తారని?"

"ఎవరో ఎందుకు? సగం పంట నీళ్లల్లో ఉంది. నన్ను నేనే కాపలా కాసుకుంటున్నాను."

అవతలి గట్టు మీంచి అతను వచ్చాడు. బట్టల మీద తెల్లటి మరకలు, కళ్ల కింద నలుపు. ఆమెను చూసి, నమ్మకం కుదరనట్టు తండ్రి వంక చూశాడు.

"నాకూ కనిపిస్తోందిరా," అన్నాడు తండ్రి.

"ఫోన్ ఎందుకు ఎత్తలేదు?" అంది ఆమె. ఎంతో నిబ్బరంగా అడగాలనుకున్న ప్రశ్న, ఏడుపులా వచ్చింది.

"బ్లీచింగ్‌లో ముంచాను."

"ఏది?"

"ఫోను. వాడిన ప్రతి వస్తువూ ముంచమన్నారు కదా. చెరువు దగ్గర వాడిందే కదా అని..."

పెద్దాయన నుదురు కొట్టుకున్నాడు. "చదువుకున్నవాడమ్మా వీడు. అది నువ్వు నమ్మాలి."

"మీ నాన్నగారి ఫోన్ నుంచి చెయ్యచ్చు కదా?"

"నంబర్ నోటికి రాదండీ."

"నీ చెరువు ఉప్పు, పులుపు, నువ్వు చల్లిన సున్నం అన్నీ నాకు నోటికొచ్చు. నా నంబర్ నీకు నోటికి రాదా?"

"మీ పేరు నొక్కితే మీరు పలికేవారు. అంకెలెప్పుడూ చూడలేదు." అతను ఒక అడుగు దూరంలో ఆగాడు. "రాత్రంతా ఒక్కటే అనుకున్నాను. తూము మూసే ఉందని మీకెలా తెలుస్తుందా అని. పంట పోయిందని అంత బాధ లేదు. మీరు తెరిచాననుకుంటారే అని."

"అనుకున్నాను," అంది ఆమె. "అబద్ధం చెప్పను. సగం అనుకున్నాను. మిగతా సగం కోసమే వచ్చాను."

అతను నవ్వబోయి నవ్వలేకపోయాడు. "మీరంటే నాకు ఇష్టమండీ. ఇది నీళ్ల గురించి కాదు."

"తెలుసు. నాకూనూ. ఇంక నన్ను 'మీరు' అనకు."

పెద్దాయన గట్టిగా దగ్గాడు. "నేనిక్కడే ఉన్నానర్రా. లేవడానికి వీల్లేని చోట కూర్చున్నాను." ఆమె వైపు తిరిగాడు. "అమ్మాయ్, నువ్వు హేచరీ మానేస్తావా?"

"మాననండీ."

"వీడు చెరువు మానడు. నువ్వు లోపలుంటే వీడు రాకూడదు, వీడు గట్టు మీదుంటే నువ్వు ముట్టుకోకూడదు. ఇదేం కాపురం?"

ఎన్ని రాత్రులు వెదికినా ఆమెకు దొరకని జవాబు అది. "ఈ విడత పిల్లలు వెళ్లగానే హాలు ఎండబెట్టక తప్పదు. బాబాయి నిన్న ఒప్పుకున్నారు. ఈ చెరువూ ఎండాలి. ఈసారికి మాత్రం..."

"ఈసారికేమిటి?" పెద్దాయన చిరాకుపడ్డాడు. "ఏటా చెరువు ఎండబెడతాం కదా. ఏటా హాలు ఎండబెట్టాలి కదా. మీ బాబాయిని రమ్మను, నేను మాట్లాడతాను. రెండూ ఒకేసారి ఎండబెట్టుకుందాం. మిగతా రోజులు అద్దంలోంచి చూసుకోండి. ఉద్యోగాలకని దూరాలు పోయినవాళ్లు కాపురాలు చెయ్యట్లేదా?"

అంత సులువైన సంగతి తమకు తట్టనందుకు ఇద్దరికీ కాస్త సిగ్గేసింది.

"అయితే ఈ చెరువు ఎంత ఎండాలంటావు?" అన్నాడు పెద్దాయన.

"బ్లీచింగ్ ఘాటు విరిగి, నీళ్లు ఇగిరిపోయాక, అడుగు నెర్రెలు విచ్చాలండీ. నడిస్తే కాలు దిగకూడదు."

"అది ఎవరు చూసి చెప్పాలి?"

"నేనే చూడాలి. ఒకసారి చూస్తే తేలదు. రోజూ రావాలి."

పెద్దాయన మోకాళ్ల మీద చేతులానించి లేచాడు. గోనె దులిపి, మళ్లీ పరిచి, ఆమెకు చోటు చూపించాడు. "అయితే కాపలా నీది. నాకు నిద్రొస్తోంది." గట్టు మీద నడుస్తూ వెనక్కి చూడకుండానే అన్నాడు. "వాణ్ణి నమ్మకు. నన్నూ నమ్మకు. పలకని చూసుకో."

ఆమె కూర్చుంది. అతను అటు చివర కూర్చున్నాడు. కాలువలో నీళ్లు తమ దారిన తాము పోతున్నాయి; చెరువులో నీళ్లు తెల్లబోయి కదలకుండా ఉన్నాయి.

అతను ఏదో చెప్పబోయాడు. "ఉండు," అని ఆమె తూము అంచు పట్టుకుని కిందికి వంగింది. పలక చుట్టూ కూరిన బంకమట్టిని వేలితో తడిమింది. కాలువ వైపు రాయి పొడిగా ఉంది. ఒక్క చుక్క కూడా ఊరడం లేదు. మళ్లీ ఒకసారి తడిమి చూసి, తృప్తిపడి, అప్పుడు లేచి అతని చెయ్యి పట్టుకుంది.